కొత్తగా ఇంటికి వచ్చిన చిలుక మనల్ని నమ్మాలంటే: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో పెంపుడు చిలుకలు చేతులు మారడం కొత్త కాదు. నౌకాదళంలోనో, బ్యాంకులోనో, రైల్వేలోనో పనిచేసేవారికి బదిలీ అయినప్పుడు, పిల్లలు చదువుల కోసం బయటి ఊళ్లకు వెళ్లినప్పుడు, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం బయటపడినప్పుడు అప్పటివరకు పెంచుకున్న పక్షిని తెలిసినవారికి అప్పగిస్తుంటారు. అలా వచ్చిన పక్షికి ఇల్లు, గొంతులు, వెలుతురు, తిండి పెట్టే వేళ, అన్నీ ఒక్క పూటలో మారిపోతాయి. దానితో నమ్మకం ఎలా కుదుర్చుకోవాలన్న విషయంలో తరచుగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. ఈ సమాధానాలన్నిటికీ ఆధారం ఒక్కటే: తాను వద్దన్నప్పుడు మనం ఆగుతామని పక్షికి అర్థమైన తరువాతే అది తనంతట తాను మన దగ్గరకు రావడం మొదలుపెడుతుంది.

రామచిలుకను దత్తత తీసుకోవచ్చా? ఏ చిలుకలను పెంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది?

రామచిలుకతో సహా మన దేశపు చిలుక జాతులను ఇంట్లో ఉంచుకోవడం, కొనడం, అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. ఎవరో ప్రేమతో ఇచ్చారన్నది గాని, పిల్లగా ఉన్నప్పటి నుంచి సాకామన్నది గాని మినహాయింపు కాదు. గాయపడిన రామచిలుక కనిపించినా, గూటి నుంచి పడిన పిల్ల దొరికినా అటవీ శాఖకు తెలియజేసి అప్పగించాలి. దానిని మచ్చిక చేసుకునే ప్రయత్నమే వద్దు. మనిషిని నమ్మడం నేర్చుకున్న అడవి పక్షికి తిరిగి స్వేచ్ఛగా బతకడం కష్టమవుతుంది.

కాబట్టి ఇక్కడ చెప్పేదంతా బడ్జీ, కాక్‌టీల్, లవ్‌బర్డ్, కొన్యూర్, ఆఫ్రికన్ గ్రే, మకావ్ వంటి విదేశీ జాతుల గురించే. వీటిలో వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందపు జాబితాల్లో ఉన్న జాతులను పెంచుకునేవారు, చట్టానికి 2022లో జరిగిన సవరణను, దానిని అనుసరించి 2024లో వచ్చిన నియమాలను బట్టి కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో పక్షిని నమోదు చేయించాలి. కొన్యూర్లు, మకావ్‌లు, ఆఫ్రికన్ గ్రే ఈ జాబితాల్లో ఉన్నాయి. ఆఫ్రికన్ గ్రే 2017 నుంచి అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. బడ్జీ, కాక్‌టీల్, గులాబీ ముఖపు లవ్‌బర్డ్ మాత్రం జాబితాల్లో లేవు. పక్షిని ఇచ్చేవారి దగ్గర కాగితాలు ఉన్నాయో లేదో ముందుగానే అడగండి, యజమాని మారిన సంగతిని కూడా నమోదు చేయించండి. మీ దగ్గర కుదురుకున్న పక్షి కాగితాలు లేని కారణంగా మరోసారి ఇల్లు మారవలసి రావడం దానికి చాలా అన్యాయం.

పక్షిని ఇచ్చే కుటుంబాన్ని ఏమేమి అడిగి తెలుసుకోవాలి?

వయసు, జబ్బులు, తిండి వంటివి అందరూ అడుగుతారు. అంతకంటే ముఖ్యమైనవి ఇంకొన్ని ఉన్నాయి. దానిని ఏ పేరుతో పిలిచేవారు, ఎలా ఈల వేసేవారు, రాత్రి ఎన్ని గంటలకు దీపం ఆర్పేవారు, పంజరంపై గుడ్డ కప్పేవారా, చేతిపైకి ఎక్కమని ఏ మాటతో చెప్పేవారు, ఏ వస్తువును చూస్తే బెదిరేది, ఎవరినైనా కరిచి ఉంటే ఏ సందర్భంలో కరిచింది అన్నవి రాసి పెట్టుకోండి. తెలుగు ఇంటికి వచ్చిన పక్షి అంతకుముందు హిందీయో, ఒడియానో మాట్లాడే ఇంట్లో పెరిగి ఉండవచ్చు. అలాంటప్పుడు పాత మాటలను కొంతకాలం అలాగే వాడటం దానికి పెద్ద ఊరట. పాత పంజరాన్ని, అందులోని కొమ్మలను, ఆటవస్తువులను కూడా వీలైతే వెంట తెచ్చుకోండి. పంజరం చిన్నదైతే పక్షి కుదురుకున్నాక మార్చవచ్చు.

మొదటి వారంలో పంజరాన్ని ఎక్కడ ఉంచాలి?

ఇంట్లో మనుషులు కూర్చునే గదిలో, ఒక పక్క గోడకు ఆనించి, పక్షి మన కళ్ల ఎత్తులో ఉండేలా ఉంచాలి. నాలుగు వైపులా తెరిచి ఉన్న చోట ఉంచితే ఎటునుంచి ఏమి వస్తుందోనని అది క్షణం కూడా నిమ్మళంగా ఉండలేదు. నడిచే దారికి మరీ దగ్గరగా కాకుండా, మనం గదిలోకి రావడం దూరం నుంచే దానికి కనిపించేలా చూడండి.

విశాఖ ఇళ్లలో చాలామంది పంజరాన్ని బాల్కనీలో పెడతారు. కొత్త పక్షికి అది మంచి చోటు కాదు. సముద్రం వైపు ఇళ్లపైన, ముఖ్యంగా ఫిషింగ్ హార్బర్ పరిసరాల్లో, గద్దలు తిరుగుతూనే ఉంటాయి. కాకులు పంజరం ఊచల మీద వాలి లోపలి పక్షిని పొడవడానికి చూస్తాయి. ఎగిరి తప్పించుకునే దారి లేని చోట పైన గద్ద నీడ పడితే పక్షికి ఎంత భయమో ఊహించండి. పైగా మే నెల ఎండ, ఉక్కపోత కలిసినప్పుడు చిలుకలు త్వరగా వడదెబ్బకు లోనవుతాయి. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తూ, రెక్కలను ఒంటికి దూరంగా పట్టుకుని ఉంటే వెంటనే చల్లని చోటికి మార్చి, తాగడానికి నీళ్లు పెట్టి, కాళ్లపై కొద్దిగా నీళ్లు చల్లాలి. అలాగని ఏసీ గాలి నేరుగా తగిలే చోట కూడా ఉంచకూడదు.

వంటగది, దాని పక్క గది అసలే పనికిరావు. నాన్‌స్టిక్ పాత్ర మాడితే వచ్చే పొగ మనకు వాసన తెలియకముందే చిలుక ప్రాణం తీయగలదు. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్టలు, గదిలో కొట్టే సెంట్లు కూడా పక్షుల ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. పూజగది పొగ పక్షి ఉన్న గదిలోకి రాకుండా తలుపు వేసుకుంటే చాలు, పూజ మానుకోవలసిన పని లేదు.

అది మనల్ని చూసి ఎందుకు అంతగా భయపడుతుంది? మనం ఏమీ చేయలేదు కదా?

చిలుక వేటాడే పక్షి కాదు, వేటకు గురయ్యే పక్షి. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల చుట్టూ ఏది కదిలినా కనిపిస్తుంది. ముందుకు తిరిగిన రెండు కళ్లతో తననే నిలువునా చూస్తూ నేరుగా వచ్చే జీవి దాని పుట్టుజ్ఞానానికి శత్రువు. అందుకే ఎదురుగా గబగబా నడిచివెళ్లడం, పైనుంచి చేయి చాపడం, కన్నార్పకుండా చూడటం మనకు ప్రేమగా అనిపించినా దానికి ప్రమాదంగా తోస్తాయి. కొంచెం పక్కకు తిరిగి, నెమ్మదిగా, మెల్లగా మాట్లాడుతూ వెళ్లి కూర్చోండి. చాలా పక్షులను దుకాణాల్లో చేత్తో ఒడిసిపట్టి పెట్టెల్లో వేసి ఉంటారు కాబట్టి మనిషిని సహించే పక్షి కూడా మనిషి చేతిని సహించకపోవచ్చు.

ఎన్ని రోజుల్లో మచ్చిక అవుతుంది?

గడువు పెట్టుకోకండి. మనుషుల చేతుల్లో పెరిగిన కాక్‌టీల్ కొద్ది రోజుల్లోనే భుజమెక్కవచ్చు. రెండు మూడు ఇళ్లు మారిన ఆఫ్రికన్ గ్రే చేతి నుంచి గింజ అందుకోవడానికే నెలలు తీసుకోవచ్చు. ఆఫ్రికన్ గ్రే చిలుకలు నలభై ఏళ్లకు పైగా బతుకుతాయి, కాక్‌టీల్ పదిహేను ఇరవై ఏళ్లు బతకగలదు. అంత కాలపు సహవాసంలో మొదటి కొన్ని నెలలు నిదానంగా గడిస్తే నష్టమేమీ లేదు.

దాని మనసులో ఏముందో ఎలా తెలుస్తుంది?

ఈ ఒక్కటి నేర్చుకుంటే మిగతా పనులన్నీ సులువవుతాయి. మొదటి రోజు నుంచే ఒక కుర్చీ వేసుకుని, పుస్తకం చదువుకుంటూనో, కూర తరుగుతూనో పక్షిని గమనించడం అలవాటు చేసుకోండి.

మీ ఎదుట తిండి తినడం మొదటి శుభసూచన. భయపడిన పక్షి తలవంచి గింజ ఏరుకోదు. తరువాత ఈకలు దువ్వుకోవడం, ఒకవైపు రెక్కను, అదే వైపు కాలును కలిపి చాచి ఒళ్లు విరుచుకోవడం, ఒంటికాలిపై నిలబడి కునికిపాట్లు పడటం, నిద్రకు ముందు ముక్కును సన్నగా కరకరలాడించడం కనిపిస్తాయి. ఇవన్నీ నిమ్మళానికి గుర్తులు. తల వంచి మెడ ఈకలు నిక్కించి మీ వైపు పెడితే నిమరమని అడుగుతున్నట్లే.

ఈకలన్నీ ఒంటికి అతుక్కుని, ఒళ్లు సన్నబడ్డట్టు నిలువుగా బిగుసుకుపోతే అది భయం. ఇక్కడే చాలామంది పొరబడతారు. బిగుసుకుపోయిన పక్షి కదలదు, అరవదు, నిమిరినా ఊరుకుంటుంది. అది ఒప్పుకోవడం కాదు, తప్పించుకునే దారి లేదని ఆగిపోవడం. అలాంటి పక్షిని చేతిలోకి తీసుకుని మచ్చికైందని సంబరపడితే, అది ఎప్పుడో ఒకనాడు ఉన్నట్టుండి గట్టిగా కరుస్తుంది.

తోక విసనకర్రలా విప్పడం, నోరు తెరిచి ముందుకు వంగడం, కంటిపాప గబగబా చిన్నదై పెద్దదవడం ఉద్రేకానికి సూచనలు. కంటిపాప ఆట సరదాలో కూడా అలాగే ఆడుతుంది కాబట్టి మిగతా ఒంటిని కూడా చూసి నిర్ణయించుకోవాలి. కాక్‌టీల్ తురాయి తలకు పూర్తిగా అతుక్కుని, బుస కొడుతుంటే దూరంగా ఉండమని అర్థం. తురాయి నిటారుగా లేస్తే ఏదో అలికిడికి ఉలిక్కిపడిందని అర్థం.

చేతికి ఎలా అలవాటు చేయాలి?

ముందుగా దానికి ఎంతో ఇష్టమైన తిండి ఏదో కనిపెట్టండి. గిన్నెలో నాలుగు రకాలు కలిపి పెట్టి, దేనిని ముందుగా ఏరుకుంటుందో చూస్తే తెలిసిపోతుంది. చిన్న జాతులకు కొర్ర కంకి సాధారణంగా ప్రాణం. ఆ ఇష్టమైనదాన్ని గిన్నెలో వేయడం మానేసి మీ చేతితో మాత్రమే ఇవ్వండి. పక్షిని ఆకలితో మాడ్చి దారికి తెచ్చుకోవడం మాత్రం క్రూరత్వమే. మామూలు తిండి ఎప్పటిలా ఉండాలి. పొద్దున్నే గిన్నె నింపడానికి కొద్దిసేపు ముందు కూర్చుంటే దానికి ఉత్సాహం ఎక్కువగా ఉంటుంది.

మొదట పంజరం దగ్గరకు వెళ్లి గిన్నెలో ఒక గింజ వేసి వెనక్కి వచ్చేయండి. మీ రాక అంటే మంచిదేదో రావడమని దానికి తెలియాలి. తరువాత పొడవైన కంకిని ఊచల మధ్య నుంచి ఒక కొస పట్టుకుని అందించండి. అది వచ్చి కొరికితే సరే, రాకపోతే కంకిని అక్కడే గుచ్చి వెళ్లిపోండి. రోజులు గడిచేకొద్దీ కంకి పొట్టిదవుతుంది, మీ వేళ్లు దగ్గరవుతాయి. ఊచల బయటి చేతికి బెదరడం మానిన తరువాతే తలుపు తీసి చేతిని లోపలికి పెట్టాలి. పెట్టినా తలుపు దగ్గరే ఆపి, మిగిలిన దూరాన్ని పక్షిని నడవనివ్వాలి.

ఈ దశలో ఒక పుల్ల బాగా ఉపయోగపడుతుంది. శుభ్రమైన సన్నని వెదురు పుల్ల కొసను పక్షికి చూపి, అది ముక్కుతో తాకిన మరుక్షణమే "శభాష్" వంటి ఒక చిన్న మాట అని గింజ ఇవ్వాలి. మాటకు, గింజకు మధ్య ఆలస్యం ఉండకూడదు. పుల్లను తాకితే గింజ వస్తుందని గ్రహించాక, పుల్లను కొద్దికొద్దిగా జరుపుతూ ఒక కొమ్మ నుంచి మరో కొమ్మకు, అక్కడి నుంచి తలుపు దగ్గరకు, చివరకు మీ వేలి మీదకు నడిపించవచ్చు. చేత్తో తాకకుండానే పక్షి తన కాళ్లతో తాను వస్తుంది కాబట్టి బెదురు పక్షులకు ఇంతకంటే మంచి పద్ధతి లేదని నా అభిప్రాయం.

వేలిని దాని కాళ్లకు కాస్త పైన, పొట్టకు దగ్గరగా నిలిపి "ఎక్కు" అనండి. పొట్టను నెట్టకండి. ఇంట్లో అందరూ అదే మాట వాడాలి. ఎక్కిన వెంటనే గింజ ఇచ్చి, కోరుకుంటే దిగిపోనివ్వండి. ఎక్కిన ప్రతిసారీ పంజరంలోకి తీసుకెళ్లి తలుపు వేస్తే, ఎక్కడమంటే బందీ కావడమేనని నేర్చుకుంటుంది. ఒక విడతకు నాలుగైదు నిమిషాలు చాలు. దానికి ఇంకా ఉత్సాహం ఉండగానే ఆపడం మంచిది. తల పక్కకు తిప్పుకున్నా, ఒక అడుగు వెనక్కి వేసినా, బిగుసుకుపోయినా చేతిని నెమ్మదిగా వెనక్కి తీసుకోండి. అలా తీసుకోవడం వల్ల ఆ రోజు పని ఆగిపోయినట్టు అనిపిస్తుంది గాని, నిజానికి ఆ రోజు జరగవలసిన పని అదే. తల తిప్పితే చాలు చేయి వెళ్లిపోతుందని తెలిసిన పక్షికి కరవవలసిన అవసరం రాదు.

మందపాటి చేతి తొడుగులు వాడవద్దు. పక్షికి అవి కొత్త భయం, మనకు దాని సైగలు పట్టించుకోనక్కరలేదన్న ధీమా.

వచ్చినప్పటి నుంచి సరిగా తినడం లేదు. ఏం చేయాలి?

గిన్నె నిండుగా కనిపించడాన్ని నమ్మకండి, గిన్నెలో ఉన్నది గింజలా, పొట్టేనా అని ఊది చూడండి. చిలుకలు గింజ తిని పొట్టును గిన్నెలోనే వదిలేస్తాయి. బడ్జీ వంటి చిన్న పక్షి ఒక రోజంతా ఏమీ తినకపోయినా ప్రాణాపాయమే. రెట్టల సంఖ్య బాగా తగ్గినా, రెట్టలో గట్టి భాగం లేకుండా నీరే కనిపించినా తినడం లేదని గ్రహించి పశువైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి. గ్రాములు చూపే వంటింటి త్రాసుపై కంకి ఆశ చూపి ఎక్కించడం అలవాటు చేస్తే, బరువు తగ్గుతున్న సంగతి కంటికి కనిపించకముందే తెలుస్తుంది.

తొలి వారాల్లో పాత ఇంట్లో ఏది తినేదో అదే పెట్టండి, అది మంచి ఆహారం కాకపోయినా సరే. కుదురుకున్నాక నెమ్మదిగా మార్చవచ్చు. పొద్దుతిరుగుడు గింజలపైనే బతికే చిలుకలకు కొవ్వు పెరుగుతుంది, విటమిన్ ఏ లోపిస్తుంది. రైతు బజారుల్లో దొరికే మునగాకు, తోటకూర, కారెట్, గుమ్మడి, చిలగడదుంప, బొప్పాయి ఈ లోటు తీరుస్తాయి. మొలకెత్తిన చోళ్లు, కొర్రలు, జామపండు, లేత మొక్కజొన్న కంకి చాలా చిలుకలకు ఇష్టం. పండుమిరపకాయను అవి అవలీలగా తింటాయి, పక్షులకు కారం తెలియదు. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, ఆపిల్ గింజలు, ఉప్పు కారం వేసిన చిరుతిళ్లు పెట్టకూడదు. కొత్త కూరను మీరు దాని ఎదుట తింటూ ఒక ముక్క అందించడం మంచి ఉపాయం. చిలుకలు గుంపుగా తినే పక్షులు, తోటివారు తిన్నదాన్ని నమ్ముతాయి.

మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కనుక గింజలకు బూజు త్వరగా పడుతుంది. వేరుశనగ గింజల విషయంలో ఇది మరీ ప్రమాదం. కొద్దికొద్దిగా కొనుక్కుని, గాలి చొరబడని డబ్బాలో పోసి, ముక్క వాసన వస్తే మొత్తం పారేయండి. తరిగిన పండ్లను రెండు మూడు గంటలకు మించి పంజరంలో ఉంచకండి.

కరిస్తే ఎలా స్పందించాలి?

అరవకుండా, చేయి విదల్చకుండా, ముక్కు మీద కొట్టకుండా, దగ్గరలో ఉన్న కొమ్మ మీదకో బల్ల మీదకో పక్షిని దించి, కాసేపు పక్కకు వెళ్లిపోండి. కొట్టిన చేతిని చిలుక మరచిపోదు. పెద్దగా అరవడం కొన్ని పక్షులకు భయం, మరికొన్నిటికి వినోదం; రెండూ మనకు నష్టమే. తరువాత తీరికగా ఆలోచించవలసింది కరవడానికి ముందు అది ఇచ్చిన ఏ సైగను మనం గమనించలేదన్నది. గిన్నె తీస్తుంటేనా, పంజరంలో చేయి పెడితేనా, కొత్త మనిషి వచ్చినప్పుడా, నిద్రవేళనా అన్నది రాసి పెట్టుకుంటే కారణం తేలిపోతుంది. కొమ్మ మీద నుంచి చేతిపైకి ఎక్కేముందు ముక్కుతో వేలిని తాకి చూడటం కరవడం కాదు. చిలుకలు ముక్కును మూడో కాలిలా వాడుకుంటాయి. అప్పుడు చేయి లాగేస్తే, ఆ చేయి నిలకడైనది కాదని నేర్చుకుంటుంది.

పొద్దున, సాయంత్రం కేకలు వేస్తోంది. అపార్ట్‌మెంటులో ఇరుగుపొరుగు వారు అభ్యంతరం చెబుతున్నారు.

తెల్లవారినప్పుడు, పొద్దు గూకేటప్పుడు అరవడం చిలుకల సహజ గుణం. దానిని పూర్తిగా మాన్పించలేము. మీరు గది దాటి వెళ్లినప్పుడు వేసే కేక మాత్రం గుంపులోని తోటి పక్షిని పిలిచే పిలుపు. పక్క గది నుంచి ఒక చిన్న ఈలతోనో, మాటతోనో బదులిస్తే చాలా పక్షులు శాంతిస్తాయి, కొన్నాళ్లకు ఆ ఈలనే నేర్చుకుని కేకకు బదులు వాడతాయి. కేక వేసినప్పుడు పరుగెత్తుకు వెళ్లడం, కోప్పడటం కేకలను పెంచుతాయి; ఈల వేసినప్పుడు వెళ్లండి. రాత్రి పది పన్నెండు గంటల పాటు చీకటి, నిశ్శబ్దం దక్కని పక్షి చిరాకుతో అరుస్తుంది. టీవీ గదిలో ఉన్న పంజరాన్ని రాత్రికి మరో గదిలోకి మార్చడం వల్ల ఇంత తేడా వస్తుందా అని ఆశ్చర్యపోతారు.

రెక్కలు కత్తిరిస్తే త్వరగా మచ్చిక అవుతుందంటారు. నిజమేనా?

ఎగరలేని పక్షి మన దగ్గర ఉంటుంది, నిజమే. కాని వెళ్లిపోగలిగీ ఉండటం వేరు, వెళ్లలేక ఉండటం వేరు. పారిపోయే దారి మూసుకుపోయినప్పుడు పక్షికి మిగిలేది కరవడం ఒక్కటే. సరిగా కత్తిరించకపోతే పడి రొమ్ము ఎముక గాయపడుతుంది కూడా. నేను కత్తిరించవద్దనే చెబుతాను. బదులుగా, పంజరం తలుపు తీసేముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి, కిటికీలకు మెష్ ఉందో చూసుకోండి, అద్దాలపై తెర దించండి, నీళ్ల బకెట్లకు మూత పెట్టండి. మన ఇళ్లలో చిలుకలకు సీలింగ్ ఫ్యాన్ అన్నిటికంటే పెద్ద శత్రువు.

మందు వేయడానికి, గోళ్లు తీయడానికి తువ్వాలుతో పట్టుకోవలసి వస్తే నమ్మకం పోదా?

కొంత సడలుతుంది, మళ్లీ కుదురుతుంది. ప్రాణానికి సంబంధించిన చికిత్సను నమ్మకం పేరుతో వాయిదా వేయకూడదు. ముందుగానే తువ్వాలును ఆటగా చూపి, దాని మీద గింజలు పెట్టి అలవాటు చేస్తే అవసరమైన రోజున భయం తగ్గుతుంది. పట్టుకున్నప్పుడు రొమ్మును నొక్కకూడదు. పక్షులు రొమ్ము కదలికతోనే ఊపిరి తీస్తాయి.

ఇంట్లో ఒక్కరి దగ్గరకే వెళుతోంది. మిగతావారిని, ముఖ్యంగా పిల్లలను, దగ్గరకు రానివ్వడం లేదు.

చిలుకలు జత కట్టే పక్షులు కనుక ఒకరిని ఎంచుకోవడం వాటి స్వభావం. ఆ ఇష్టుడైన మనిషి కొంతకాలం ఇష్టమైన గింజలు ఇవ్వడం మానుకుని, ఆ పనిని మిగతావారికి అప్పగించాలి. ఇష్టుడు గదిలో లేని సమయంలో మిగతావారు పుల్ల ఆట ఆడితే త్వరగా కలుస్తుంది. వీపును, రెక్కల కింద, తోక దగ్గర నిమరడం జత కట్టే కోరికను రేపి ఈర్ష్యను, కరవడాన్ని పెంచుతుంది. నిమరడం తలకు, మెడకు పరిమితం చేయండి.

పిల్లలకు ఒక పని అప్పగించడం మంచిది: పొద్దున్నే కూర్చుని కథల పుస్తకం పైకి చదవడం. చదివే గొంతు ఒకే తీరుగా సాగుతుంది, చదివే పిల్లవాడు చేతులు ఆడించడు, పక్షి కళ్లలోకి చూడడు. పండగలకు వచ్చిన చుట్టాలకు చూపించడం కోసం కొత్త పక్షిని చేతులు మార్చడం మాత్రం వద్దు. అమ్మమ్మలు, తాతయ్యలు నొచ్చుకోకుండా ముందే నచ్చజెప్పండి.

దీపావళి మోతకు, విమానాల శబ్దానికి బెదిరిపోతోంది.

నౌకాదళపు వైమానిక స్థావరం ఐ.ఎన్.ఎస్. డేగ ఉన్నందున ఆ చుట్టుపక్కల కాలనీల్లో హెలికాప్టర్ల, విమానాల మోత నిత్యం ఉంటుంది. రోజూ వచ్చే శబ్దానికి పక్షి అలవాటుపడుతుంది. బీచ్ రోడ్డులో నౌకాదళ విన్యాసాలు జరిగే రోజులు, దీపావళి రాత్రి వేరు. ఆ రోజుల్లో పంజరాన్ని లోపలి గదిలోకి మార్చి, మూడు వైపులా గుడ్డ కప్పి, సన్నని దీపం వెలిగించి, ఒకరు దగ్గర కూర్చోవాలి. పూర్తి చీకటిలో ఉలిక్కిపడిన కాక్‌టీల్ పంజరంలో అటూ ఇటూ కొట్టుకుని రెక్కలు గాయపరచుకుంటుంది, అందుకే ఆ చిన్న దీపం. మరునాడు కొత్తగా ఏమీ నేర్పకండి.

తుపాను హెచ్చరిక వస్తే చిలుక విషయంలో ఎలా సిద్ధపడాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు కిటికీ అద్దాలు పగిలిపోయి, రోజుల తరబడి కరెంటు లేక గడిపిన ఇళ్లవారికి ఈ ప్రశ్న విలువ తెలుసు. హెచ్చరిక వచ్చిన తరువాత పక్షిని వెంటాడి పట్టి పెట్టెలో వేస్తే నెలల శ్రమ పోతుంది. అందుకే మచ్చిక చేసే రోజుల్లోనే, వానలు రాకముందే, ప్రయాణపు బుట్టను పక్షికి పరిచయం చేయాలి. తలుపు తీసి ఉన్న బుట్టను కొన్నాళ్లు పంజరం పక్కనే ఉంచి, ముందు దాని మీద, తరువాత గుమ్మంలో, ఆ తరువాత లోపల గింజలు పెట్టండి. తనంతట తాను లోపలికి వెళ్లి తినే దశ వచ్చాక తలుపును క్షణం సేపు వేసి తీయండి, క్రమంగా సమయం పెంచండి, బుట్టతో ఇల్లంతా తిరగండి. దానితో పాటు వారానికి సరిపడా గింజలు, తాగే నీళ్లు, నమోదు కాగితాలు ఒక సంచిలో సిద్ధంగా ఉండాలి. ఇదే బుట్ట ఆసుపత్రికి తీసుకెళ్లడానికీ పనికొస్తుంది.

ఎప్పుడు మాట్లాడుతుంది?

కొన్ని ఎప్పటికీ మాట్లాడవు, మాట్లాడని పక్షి మనల్ని నమ్మలేదని కాదు. మాటలు రికార్డు చేసి వినిపించడం కంటే ఇద్దరు మనుషులు దాని ఎదుట వస్తువును చూపి ఒకరినొకరు అడుగుతూ చెప్పుకోవడం మేలు. 1977లో పరిశోధకురాలు ఐరీన్ పెపర్‌బర్గ్ కొనుక్కున్న అలెక్స్ అనే ఆఫ్రికన్ గ్రే, 2007లో చనిపోయేలోపు రంగులు, ఆకారాలు, వస్తువుల పేర్లు నేర్చుకున్నది ఈ పద్ధతిలోనే.

తోడుగా మరో చిలుకను తేవచ్చా?

మొదటిది కుదురుకున్నాక తేవచ్చు. కొత్తదాన్ని కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచి, ఆరోగ్యం చూపించుకున్న తరువాతే కలపాలి. మనకు తీరిక లేదని జత తెస్తే, అవి రెండూ ఒకదానికొకటి దగ్గరై మనతో పని లేకుండా ఉండవచ్చు. అది వాటికి మంచిదే, దానికి మనం ముందే సిద్ధపడి ఉండాలి.

బెదురు తగ్గలేదా, జబ్బు చేసిందా అన్నది ఎలా తేల్చుకోవాలి?

చిలుకలు జబ్బును చివరి క్షణం దాకా దాచుకుంటాయి. పగలంతా ఈకలు ఉబ్బించుకుని ఉండటం, పంజరం అడుగున కూర్చోవడం, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగడం, ముక్కు రంధ్రాల దగ్గర తడి భయానికి లక్షణాలు కావు. పక్షిని తెచ్చిన తొలి వారంలోనే, పక్షులకు వైద్యం చేసే అనుభవమున్న పశువైద్యునికి ఒకసారి చూపించుకోండి. చిలుకల నుంచి మనుషులకు సోకే సిట్టకోసిస్ అనే వ్యాధి ఉంది కనుక, పంజరం శుభ్రం చేసిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఎండిన రెట్టను పొడిగా ఊడ్చకుండా తడిపి తుడవాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడి దగ్గు వస్తే ఇంట్లో చిలుక ఉందని డాక్టరుకు చెప్పాలి.

ఇంకా పూర్తిగా మచ్చిక కాని పక్షి ఎగిరిపోతే దొరుకుతుందా?

వెంటనే కదిలితే దొరికే అవకాశం ఉంటుంది. ఎటు వెళ్లిందో ఒకరు చూపు తిప్పకుండా గమనించాలి. గుంపుగా వెంటపడి అరిస్తే ఇంకా దూరం పోతుంది. దాని పంజరాన్ని తలుపు తీసి, ఇష్టమైన కంకి పెట్టి, పైనుంచి కనిపించేలా డాబా మీద ఉంచండి. రోజూ వేసే ఈలనే వేయండి. అది బదులు పలికితే ఉన్న చోటు తెలుస్తుంది. కొమ్మ మీద కనిపించినా చెట్టెక్కి పట్టుకోబోవద్దు, పుల్లను, గింజను చూపుతూ కిందికి ఒక్కో కొమ్మ దిగేలా పిలవండి. ఎత్తు నుంచి నిటారుగా కిందికి ఎగరడం పెంపుడు పక్షులకు తెలియదు, దానికి సమయం పడుతుంది. చీకటి పడితే అది కూర్చున్న చెట్టును గుర్తుపెట్టుకుని, తెల్లవారకముందే, కాకులు లేవకముందే అక్కడికి వెళ్లండి. కాలి రింగు సంఖ్య, ఫొటో అపార్ట్‌మెంటు కాపలాదారులకు, చుట్టుపక్కల పశువైద్యులకు, పక్షుల దుకాణాలవారికి ఇచ్చి ఉంచండి.